రెవెల్‌స్టోక్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. రాత్రి బసలో నిద్రపట్టక పడుకుని ఉంటే, సరుకు రైలు కొండల మధ్య కూత వేస్తూ ఎంతసేపటికీ అయిపోకుండా సాగిందని ఒక పేరా రాశావు. దాన్ని ముట్టుకోవద్దు. వ్యాసం మొత్తంలో రెవెల్‌స్టోక్ నిజంగా కళ్ళకు కట్టింది అక్కడే. తక్కిన పుటల్లో నీ సంతోషం కనిపించింది. అది మంచిదే, కానీ పాఠకుడు దాని మీద ప్రయాణం కట్టుకోలేడు.

మొదటి పుటలో 'భూతల స్వర్గం' అన్నావు. అరకు మీద, ఊటీ మీద, కశ్మీరు మీద మన పత్రికలు ఈ మాటను ఎంతగా వాడాయంటే, ఇప్పుడు దాన్ని చదివితే ఏ కొండా మనసులో లేవదు. అది తీసేసి ఊరు ఎక్కడుందో చెప్పు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, తూర్పున సెల్‌కర్క్ కొండలు, పడమట మొనాషీ కొండలు, మధ్యలో కొలంబియా నది. 2021 జనాభా లెక్కల ప్రకారం 8,275 మంది. కాల్గరీ నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు కాస్త పైన. కాల్గరీ, వాంకూవర్ల మధ్య కారులో తిరిగే మన తెలుగు కుటుంబాలు చాలావరకు ఈ ఊళ్ళో ఆగుతాయి, పెట్రోలు పోయించుకుంటాయి, వెళ్ళిపోతాయి. నీ పాఠకులు ముందుగా వాళ్ళే. 'మనం ఇన్నిసార్లు ఈ ఊరి మీదుగా వెళ్ళామే, ఇది తెలియలేదే' అని వాళ్ళకు అనిపించాలి.

అలా అనిపించాలంటే నువ్వు ఒక ప్రశ్న పట్టుకోవాలి. కనిపించిన ప్రతి దాన్నీ 'ఇది ఇక్కడ ఎందుకుంది? ఎవరు చేశారు?' అని అడగాలి. పర్యాటకులు ఆనందించే ప్రతి చోటుకూ వెనకాల ఎవరిదో కష్టం ఉంటుంది. రెవెల్‌స్టోక్‌లో ఆ కష్టానికీ, ఆ ఆనందానికీ మూలం ఒకటే: మంచు. నీ వ్యాసంలో మంచు 'తెల్లని దుప్పటి'గా ఒక్కసారి వచ్చి పోయింది. అది చాలదు.

పసిఫిక్ మీది నుంచి వచ్చే తడిగాలి ఈ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, మంచుగా కురుస్తుంది. ఊరికి వాయవ్యంగా ఉన్న కోప్‌లాండ్ కొండ మీద 1971-72 శీతాకాలంలో 24 మీటర్లకు పైగా మంచు కురిసింది. కెనడాలో ఒక్క శీతాకాలపు రికార్డు అది. ఇంత మంచు ఉంది కనుకే 2007 డిసెంబరులో ఇక్కడ స్కీయింగ్ కేంద్రం తెరిచారు. పైనుంచి కిందికి 1,713 మీటర్ల దిగుడు. ఉత్తర అమెరికాలో ఇంతకన్నా పెద్దది మరోచోట లేదు. ఈ అంకె నీ వ్యాసంలో ఉంది. అయితే ఆ వాక్యం పక్కనే రాయవలసిన ఇంకో వాక్యాన్ని నువ్వు వదిలేశావు.

1910 మార్చి 4 రాత్రి, ఊరికి తూర్పున సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని రోజర్స్ పాస్ అనే కనుమ దగ్గర రైలు పట్టాల మీద మంచుచరియ పడింది. దాన్ని తవ్వి దారి చేయడానికి కూలీలను, మంచును చిమ్మే రోటరీ ఇంజనును పంపారు. వాళ్ళు పనిలో ఉండగా ఎదురు కొండ మీది నుంచి రెండో చరియ విరుచుకుపడింది. 58 మంది చనిపోయారు. వాళ్ళలో 32 మంది జపాను నుంచి వచ్చిన కూలీలు. వార్త అందగానే రెవెల్‌స్టోక్ నుంచి జనం పారలు పట్టుకుని రైలెక్కారు. తవ్వగా దొరికినవి శవాలే. కెనడా చరిత్రలో ఇంతమందిని బలిగొన్న మంచుచరియ ఇంకొకటి లేదు. ఆ తర్వాత రైల్వే కొండ పైదారి వదిలి, 8 కిలోమీటర్ల సొరంగం తవ్వించుకుంది; 1916 చివర్లో కనాట్ సొరంగం వాడుకలోకి వచ్చింది. వదిలేసిన ఆ పాత రైలుదారే ఇప్పుడు పిల్లలతో కూడా నడవగలిగిన కాలిబాట. నువ్వు ఆ బాట మీద నడిచి, 'చక్కని చదునైన దారి, ఫొటోలకు అనుకూలం' అని రాశావు. అది ఎందుకు చదునుగా ఉందో, ఎందుకు ఖాళీగా ఉందో ఒక్క వాక్యం చేర్చు చాలు. నీ పాఠకుడు అక్కడ నడిచే తీరే మారిపోతుంది.

అక్కడితో ఆగకు. ఆ కథ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కెనడా అంతటా మంచుచరియల హెచ్చరికలు ఇచ్చే అవలాంచ్ కెనడా సంస్థ కార్యాలయం ఈ చిన్న ఊళ్ళోనే ఉంది. శీతాకాలమంతా రోజూ ఐదు స్థాయిల్లో ప్రమాద సూచన విడుదల చేస్తారు. రోజర్స్ పాస్ హైవే మీద అరవై ఏళ్ళకు పైగా కెనడా సైనికులు 105 మిల్లీమీటర్ల ఫిరంగులతో కొండల మీద పేరుకున్న మంచును కాల్చి, అది పెద్ద ముప్పుగా మారకముందే కిందికి దింపుతున్నారు. అప్పుడు హైవే మూసేస్తారు. శీతాకాలంలో ఆ దారిన వెళ్ళినప్పుడు మీ కారు కూడా అలాగే ఆగిపోయింది. నువ్వు దాన్ని 'అనవసరపు ఆలస్యం' అన్నావు. ఆ మాట కొట్టెయ్యి. ఆ ఆలస్యాన్నే ఒక పేరాగా రాయి. దారి ఎందుకు మూశారో తెలిసిన పాఠకుడు డిసెంబరులో బయల్దేరేటప్పుడు ఒక పూట అదనంగా పెట్టుకుంటాడు, కారులో దుప్పటీ తినడానికి ఏమైనా పెట్టుకుంటాడు. ఆ హైవే మీద అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా శీతాకాలపు టైర్లు తప్పనిసరి అన్న సంగతి కూడా అక్కడే చెప్పాలి. కిందటి నెలే దేశానికి వచ్చి, పాత కారు కొనుక్కుని, స్నేహితులతో బయల్దేరే మన విద్యార్థికి ఆ ఒక్క వాక్యం నీ వర్ణనలన్నిటికన్నా విలువైనది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

మౌంట్ రెవెల్‌స్టోక్ నేషనల్ పార్కు గురించి బాగానే రాశావు. ఊరి పక్క నుంచే మొదలై 26 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పైకెక్కే ఆ రోడ్డు మీద, కింద సీడర్ చెట్లతో మొదలైన అడవి పైకి వెళ్ళేకొద్దీ ఎలా పలచబడి పూల మైదానాలుగా మారుతుందో గమనించావు. నీ కళ్ళు మంచివి. కానీ ఈ పార్కుకు మీరు వెళ్ళింది జూన్ మొదటి వారంలో కాబట్టి పైదాకా దారి తెరవలేదు, పూలు చూడలేదు. అది దాచి, ఎక్కడో చదివిన పూల వర్ణన పెట్టావని ఆ పేరా చదవగానే తెలిసిపోతుంది. చూడనిది చూసినట్టు రాయవద్దు. 'మేం వెళ్ళేసరికి పైన ఇంకా మంచే, దారికి అడ్డంగా గేటు వేసి ఉంది' అని రాస్తే అది నిజమైన సమాచారం అవుతుంది. పూల కోసం వెళ్ళాలంటే జులై ఆఖరు, ఆగస్టు మొదటి సగం అని తర్వాత చెప్పు. పెయింట్‌బ్రష్ ఎర్రగా, ల్యూపిన్ నీలంగా, ఆర్నికా పసుపుపచ్చగా కొండవాలంతా పరుచుకునేది ఆ రోజుల్లోనే. బాల్సమ్ చెరువు దగ్గర కారు ఆపి, శిఖరానికి చివరి కిలోమీటరు నడవాలి, లేదా వేసవిలో తిరిగే చిన్న బస్సు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులతో ఇండియా నుంచి వచ్చిన అత్తగారినో నాన్నగారినో వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళకు ఆ బస్సు సంగతి ముఖ్యం. అలాంటివాళ్ళకే హైవే పక్కనున్న జెయింట్ సీడర్స్ చెక్క నడకదారి కూడా చెప్పు. అర కిలోమీటరే, మెట్లున్నాయి, కానీ నిదానంగా నడవవచ్చు. అయిదు వందల ఏళ్ళు దాటిన చెట్లున్నాయి అక్కడ. సముద్రానికి ఇంత దూరంలో ఇలాంటి వానల అడవి ఉండటం ప్రపంచంలో అరుదు.

ఇక ఆ కొండ రోడ్డు గురించి నువ్వు రాయనిది. 1914లో ఆ పార్కు ఏర్పడింది. అదే ఏడు యుద్ధం వచ్చింది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన ఉక్రేనియన్లను, మరికొందరిని కెనడా ప్రభుత్వం 'శత్రుదేశీయులు' అని ముద్రవేసి నిర్బంధించింది. 1915లో ఆ కొండ మీద శిబిరం పెట్టి, వాళ్ళను ఆ దారి పనిలో దింపింది. శిఖరం దాకా రోడ్డు పూర్తయింది 1927లో. వలస వచ్చిన దేశంలో బతుకుతున్న మనం ఈ మాట తెలుసుకుని ఆ రోడ్డెక్కాలి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. పూల గురించి రాసిన గొంతుతోనే ఇదీ రాయి.

ఈ కొండల పర్యాటకం మొదలైన తీరులోనే నీకు పనికొచ్చే మరో మంచి సంగతి ఉంది. 1886లో ప్రయాణికుల రైళ్ళు నడవడం మొదలైనప్పుడు, బరువైన భోజనపు బోగీని ఆ నిట్టనిలువు ఎక్కుడు మీద లాగడం ఇంజన్లకు కష్టమైంది. దాంతో పాస్ దగ్గర గ్లేసియర్ హౌస్ అని భోజనశాల కట్టారు. భోజనానికి దిగినవాళ్ళు ఎదురుగా కనిపించే హిమానీనదాన్ని చూసి ఆగిపోవడం మొదలుపెట్టారు. భోజనశాల హోటలైంది. 1899లో స్విట్జర్లాండ్ నుంచి కొండెక్కించే గైడ్లను తెచ్చారు. హోటలు 1925లో మూతపడింది, దాని పునాదులు ఇప్పటికీ చూడవచ్చు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన వాక్స్ కుటుంబం 1887లో ఆ హిమానీనదాన్ని ఫొటో తీసింది. 1894లో మళ్ళీ వచ్చి చూస్తే అది వెనక్కి తగ్గి ఉంది. అప్పటి నుంచి ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. సెలవులకు వచ్చినవాళ్ళు శ్రద్ధగా చూస్తే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. నీకు రాయడం మీద ప్రేమ ఉంది కాబట్టి చెబుతున్నాను: మళ్ళీ వెళ్ళు. అదే చోటికి, వేరే రుతువులో.

ఎలుగుబంటి పేరా పూర్తిగా మార్చాలి. కారు దిగి దగ్గరగా వెళ్ళి ఫొటో తీసుకున్నామని సంబరంగా రాశావు. ఎలుగుబంటికి కనీసం వంద మీటర్ల దూరం ఉండమని పార్కు వాళ్ళు చెబుతారు. రోడ్డు పక్కన కనిపిస్తే కారు దిగకుండా సాగిపోవాలి. జనానికి అలవాటు పడిన ఎలుగు చివరికి వాహనం కింద పడో, ప్రమాదకరమని ముద్రపడి కాల్పుల్లోనో చస్తుంది. నిన్ను చూసి మరో పది కార్లు ఆగుతాయి. జరిగింది జరిగినట్టు రాస్తానంటావా, రాయి. అయితే అది తప్పని కూడా అక్కడే రాయి.

రెవెల్‌స్టోక్ డ్యామ్ గురించి నువ్వు రాసినవి కొలతలే. 1984లో పూర్తయింది, 175 మీటర్ల ఎత్తు, సందర్శకుల కేంద్రం ఉంది. బాగుంది. కానీ నది కథ దానితో అయిపోలేదు. అమెరికాతో కుదిరిన కొలంబియా నది ఒప్పందం 1964లో అమల్లోకి వచ్చింది. దాని కింద దక్షిణాన కట్టిన కీన్లీసైడ్ డ్యామ్ 1968లో 'యారో' అనే పేరున్న సరస్సుల నీటిమట్టం పెంచేసింది. ఒడ్డున ఉన్న ఊళ్ళు, పొలాలు మునిగి దాదాపు రెండువేల మంది ఇళ్ళు వదిలారు. శ్రీశైలం ముంపు గ్రామాలను ఎరిగిన మన పాఠకులకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఊరికి దక్షిణాన వసంతంలో నీరు తగ్గినప్పుడు బయటపడే విశాలమైన మైదానంలో ఇప్పుడు జనం కుక్కలతో నడుస్తారు, పక్షుల్ని చూస్తారు. అంతకుముందు తరతరాలుగా ఆ నదిని ఆనుకుని బతికిన సినిక్స్ట్ జాతిని ప్రభుత్వం 1956లో 'అంతరించింది' అని ప్రకటించింది. అంతరించలేదు. వాళ్ళ సంతతి సరిహద్దుకు ఆవల వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. ఈ గడ్డ మీద వేటాడే హక్కు వాళ్ళకుందని 2021లో కెనడా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నది గురించి రాస్తూ ఇది విడిచిపెట్టకు.

'చూడదగిన పది స్థలాలు' అన్న జాబితా తీసెయ్యి. అందులో సగం నువ్వు వెళ్ళనివి. వెళ్ళినవాటిలో రైల్వే మ్యూజియం ఉంచు. రైలు లేకపోతే ఈ ఊరే లేదు. పేరు కూడా 1885లో రైల్వే దివాలా తీయకుండా అప్పుపత్రాలు కొని ఆదుకున్న లండన్ బ్యాంకరుది. నెల్స్ నెల్సెన్ కొండ ఉంచు. నార్వే నుంచి వచ్చిన ఆ మనిషి 1925లో అక్కడ స్కీల మీద 73 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. అంతకు మూడేళ్ళ ముందే ఇసబెల్ కూర్సియర్ అనే పదహారేళ్ళ స్థానిక అమ్మాయి అదే కొండ మీద మహిళల రికార్డు సాధించింది. ఆమెకు నాలుగు వాక్యాలివ్వు. వేసవి సాయంత్రాల్లో గ్రిజ్లీ ప్లాజాలో ఉచితంగా జరిగే సంగీతానికి రెండు వాక్యాలు, దక్షిణాన ఉచితంగా సరస్సు దాటించే ఫెర్రీకి ఒకటి. తక్కినవి అవసరం లేదు.

వాక్యాల గురించి ఒక్క మాట. నీకు క్రియలు బాగా వస్తాయి. రైలు 'సాగింది', నీరు 'కొండను ఒరుసుకుంటూ దిగింది' అని రాశావు. విశేషణాల దగ్గరే తొట్రుపడుతున్నావు. 'అద్భుతమైన', 'అపురూపమైన', 'మరపురాని' అన్న మాటలున్న ప్రతి వాక్యం కింద గీత పెట్టు. ఆ మాట తీసేస్తే వాక్యంలో ఏమీ మిగలకపోతే వాక్యమే తీసెయ్యి.

సెప్టెంబరు రెండో వారంలోగా సవరించి పంపగలవా? నేను చూసి తిరిగి పంపేసరికి వారం పడుతుంది. అక్టోబరు 1కి ముందే అచ్చయితే టైర్ల సంగతి ఈ శీతాకాలానికే అందుతుంది. మీవాళ్ళకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో.