ఆ మాట అడగవలసింది ఫాదర్‌గారిని కాదు

కోనసీమ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరమిది. పెళ్లయి 18 ఏళ్లు, ఒక్కతే అమ్మాయి. 6 ఏళ్ల క్రితం భర్త లీజుకు తీసుకున్న రొయ్యల చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలి పెట్టుబడంతా పోయింది. పుట్టింటివారు పెట్టిన 12 కాసుల బంగారాన్ని ఆయన ఆమెకు తెలియకుండా తాకట్టు పెట్టి, లాకరులో భద్రంగా ఉందని రెండేళ్లపాటు నమ్మించారు. తోడికోడలి కూతురి పెళ్లికి నగలు తెమ్మన్నప్పుడు అసలు సంగతి బయటపడింది. ఈ ఫిబ్రవరిలో ఆయన ఊరివారితో కలిసి విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలకు వెళ్లి, ఏళ్లుగా మానేసిన పాపసంకీర్తనం చేసి, అంటే గురువు (ఫాదర్) చెవిలో తన పాపాలు చెప్పుకుని, గుండుతో తిరిగి వచ్చారు. ఇప్పుడు పొద్దున్నే లేచి పాటలు పాడుకుంటున్నారు, ఆదివారం పూజకు అందరికంటే ముందు తయారవుతున్నారు. “ఆ సంతోషం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది. ఆయన ఏమేమి చెప్పుకున్నారో ఫాదర్‌గారిని అడిగి తెలుసుకోవచ్చా? ఇంత కోపం పెట్టుకుని నేను పూజలో దివ్యసత్ప్రసాదం (అప్పం) తీసుకోవచ్చా?” అని అడుగుతున్నారు.

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు కుదరదన్నదే జవాబు. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ, ఏ కారణం చేతా, సైగతోనైనా తెలియనీయరాదు. తెలిసి తెలిసి ఆ నియమం మీరిన గురువు ఆ క్షణమే శ్రీసభ (కతోలిక సంఘం) నుంచి వెలివేయబడతాడన్నంత గట్టిగా శ్రీసభ చట్టం చెబుతోంది. మీరు వెళ్లి అడిగితే పాపం ఆయనకు ఇబ్బంది, మీకు చిన్నతనం. రెండో ప్రశ్న మీ విచారణ గురువుతో, అంటే మీ ఊరి గుడి ఫాదర్‌గారితో, మీ సొంత పాపసంకీర్తనంలో తేల్చుకోవలసినది. గాయపడిన మనిషికి కోపం రావడమే పాపమని మాత్రం నేను అనుకోను.

అయితే ఆ కట్టుబాటు గురువు నోటికే గాని మీ భర్త నోటికి లేదు. తాను చెప్పుకున్నది తన భార్యకు చెప్పుకోవడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు. మరి ఆయననే అడగకుండా ఫాదర్‌గారి దగ్గరికి ఎందుకు బయలుదేరుతున్నారు? మీ ఉత్తరం మూడో పేజీలో మీరు మామూలు విషయంలా రాసిన ఒక సంగతి దగ్గర నేను ఆగిపోయాను. అరుగు మీద కూర్చున్న మనిషి వంటింటి గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఉంటాడు. అయినా మీరు “అన్నం తింటారేమో అడగవే” అంటారు, ఆయన “ఆకలి లేదని చెప్పమ్మా” అంటారు, 14 ఏళ్ల పిల్ల పుస్తకం మూసి, ఇద్దరికీ వినబడిన మాటలనే మళ్లీ ఇద్దరికీ చెబుతుంది. నాలుగేళ్లుగా ఇంట్లో ఇదే వరస. ఆ పిల్ల చాలదని ఇప్పుడు ఫాదర్‌గారిని కూడా మీ మధ్య రాయబారానికి పిలుస్తున్నారు.

ఆయన సంతోషం నటన అని మీరు రాశారు. నేను ఒప్పుకోను. నేనూ ఆ విశ్వాసంలో పుట్టి పెరిగినదాన్నే. (మొదటిసారి మోకరించినప్పుడు చెప్పుకోవడానికి పాపాలు చాలక, పక్కింటి దొడ్లో కోసిన జామకాయల లెక్క రెట్టింపు చేసి చెప్పాను, ఆ అబద్ధాన్ని మరుసటి నెల వేరే పాపంగా చెప్పుకోవలసి వచ్చింది.) పెద్దయ్యాక, ఎవరితోనూ అనలేని మాటను గొంతు పెగల్చుకుని అనేసి, పిత పుత్ర పవిత్రాత్మల నామమున మన్నింపు విని బయటికి వచ్చిన రోజున గుడి ముందు కొబ్బరిచెట్లు కూడా కొత్తగా కనిపించాయి. ఇన్నేళ్ల తరువాత ఆ తలుపు తట్టిన మనిషి పాటలు పాడుకోవడంలో ఆశ్చర్యం లేదు. సర్వేశ్వరుడు ఆయనను మన్నించాడా అన్న అనుమానం మీకు వద్దు. అది మీ లెక్క కాదు.

మీ లెక్క వేరే ఉంది, దాన్ని వదులుకోమని నేను చచ్చినా చెప్పను. పాపం మన్నించబడినంత మాత్రాన అది చేసిన నష్టం పూడిపోదని, దొంగిలించినది తిరిగి ఇవ్వాలని, చేతనైనంత మేరకు నష్టాన్ని సరిదిద్దాలని శ్రీసభ తన సత్యోపదేశం అనే బోధనా గ్రంథంలోనే చెబుతోంది. బైబిల్లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య తన ఇంటికి వచ్చిన యేసు ఎదుట నిలబడి, ఆస్తిలో సగం పేదలకిస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగంతలు చెల్లిస్తానని అన్నాడు. మీ ఆయన నాలుగంతలు తేనక్కరలేదు, ఆ 12 కాసులు విడిపిస్తే చాలు. విడిపించలేకపోతే ఏటేటా వడ్డీ కట్టి ఎందుకు తిరగరాయిస్తున్నారో, అసలు ఎంత మిగిలిందో, మీ ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆడదాని పుట్టింటి బంగారం ఆమెకు చెప్పకుండా తీసినవాడు ఆమెకు చెప్పకుండా దేవుడితో పరిష్కారం చేసుకుని వస్తే, ఆ పని సగమే అయినట్టు.

ఇక మీకు కాస్త చేదుగా ఉండే మాట. ఆరు పేజీల ఉత్తరంలో మీరు ఒక్కసారి కూడా ‘మావారు’ అని రాయలేదు, ప్రతిచోటా ‘మా అమ్మాయి తండ్రి’ అనే రాశారు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలో, ఆస్తి తగలేసి తిరిగి వచ్చిన చిన్నవాడికి తండ్రి విందు చేస్తుంటే, అలిగి ఇంటి బయట నిలబడిపోయిన పెద్దవాడు తండ్రితో ‘నీ ఈ కుమారుడు’ అంటాడే గాని ‘నా తమ్ముడు’ అనడు. ‘ఈ నీ తమ్ముడు’ అని ఆ మాటను సరిదిద్దింది తండ్రే. పెద్దవాడి కష్టం అబద్ధం కాదు, తండ్రి కూడా దాన్ని కొట్టిపారేయలేదు. పెద్దవాడు చివరికి లోపలికి వెళ్లాడో లేదో ఆ కథను సువార్తలో రాసిన లూకా చెప్పలేదు.

మన్నించానని ఆయనతో ఇప్పుడే అనవలసిన పని లేదు, అది నోటికి రాకపోతే రానివ్వకండి. తాకట్టు రసీదు బీరువాలో మీ దగ్గరే ఉందన్నారు గదా, తీసి బయట పెట్టండి. అమ్మాయి సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లేది ఆరు గంటలకని రాశారు. అది వెళ్లాక అరుగు మీదికి మీరే వెళ్లి, ఆ కాగితం ఆయన చేతికిచ్చి, “గుణదలలో దీని గురించి చెప్పుకున్నారా?” అని మీ నోటితో మీరు అడగండి. ఆయన ఏమన్నారో నాకు రాయండి, పిల్ల చేత రాయించకుండా.