భోగ్యం కాగితం పట్టుకొచ్చినామె గురించి

అనంతపురం

చిరంజీవి పాపకు పెదనాయన ఆశీస్సులు.

రాత్రి ఫోన్‌లో నువ్వు అడిగిన దానికి సగమే జవాబు చెప్పినాను. కడపలో మీ సీనియర్ గారి ఆఫీసుకు ఒకామె భోగ్యం కాగితంతో వచ్చిందనీ, నిఘంటువులో భోగ్యం అంటే అనుభవించదగినది అని మాత్రమే ఉందనీ అన్నావు. నలభై ఏండ్లుగా కోర్టు మెట్లు ఎక్కి దిగుతున్నవాణ్ణి, మిగతా సగం రాసి పంపుతున్నాను.

మన సీమలో భోగ్యం తెలియనివాళ్లు లేరు. ఇల్లుగలాయనకు ఐదు లక్షలు ఒకేసారి ఇస్తాం, మూడేండ్లు కాపురం ఉంటాం, ఖాళీ చేసేటప్పుడు అసలు వెనక్కి తీసుకుంటాం. డబ్బుకు వడ్డీ లేదు, ఇంటికి అద్దె లేదు. ఇప్పుడు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం తెరిచి 58వ సెక్షన్ డి క్లాజు చదువు. ఆస్తిని స్వాధీనం చేసి, బాకీ తీరేదాకా నీ దగ్గరే ఉంచుకో, దాని మీద వచ్చే అద్దెలు, ఫలసాయం వడ్డీ కింద తీసుకో అని ఒప్పుకుంటే అది స్వాధీన తనఖా. మన భోగ్యాలు చాలావరకు దీని కిందికే వస్తాయి. తనఖా అనగానే 59వ సెక్షన్ వచ్చి కూర్చుంటుంది. అసలు వంద రూపాయలు, ఆపైన ఉంటే రిజిస్టరైన దస్తావేజు కావాలి, ఇల్లుగలాయన సంతకం కావాలి, కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. ఆ సాక్షి కూడా ఊరికే పేరు రాసినవాడు కాదు. సంతకం పెడుతుంటే కళ్లారా చూసినవాడో, పెట్టినానని ఆయన నోటే విన్నవాడో అయి ఉండి, ఆయన ఎదుటే తానూ సంతకం చేయాలి. ఈ సంగతి అదే చట్టం 3వ సెక్షన్‌లో ఉంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏండ్ల కిందట మిషను కుట్టుకొని బతికే ఒకామె నా దగ్గరికి వచ్చింది. పాలిథిన్ కవరులో వంద రూపాయల స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరిగి ఉంది. పైన పెద్దక్షరాలతో అద్దె కరారు అని రాసుంది. లోపల ఎంత వెతికినా నెల అద్దె ఎంతో లేదు, అంటే అది భోగ్యమే. అడుగున నోటరీ ముద్ర. "నోటరీ చేయించినాం గదా సార్, రిజిస్టరు అయినట్టే గదా?" అని అడిగింది. ఇల్లుగలాయన అప్పటికే ఇంటిని వేరేవాళ్లకు అమ్మేసినాడు. అమ్మా, నువ్విచ్చిన డబ్బు ఆయన మీద దావా వేసి అడగవచ్చు, ఈ కాగితంతో ఇంటి మీద మాత్రం నీకు తనఖా హక్కు రాదు అని నేనే చెప్పవలసి వచ్చింది. ఆమె ఏడవలేదు. కాగితాన్ని మళ్లీ అవే మడతల మీద మడిచి, కవరులో పెట్టి, కొంగున ముడి వేసుకుంది. ఆ ముడి నాకు ఇప్పటికీ కండ్లముందే ఉంది.

అందుకే చెబుతున్నా, క్లయింటు చెప్పిన పేరు రాసుకో, కాగితం మీది పేరూ రాసుకో, రెంటినీ నమ్మవద్దు. ఏం జరిగిందో అడుగు. డబ్బు ఎవరు ఎవరికిచ్చినారు, తాళం ఎవరి చేతిలో ఉంది, గడువయ్యాక ఏం చేయాలనుకున్నారు? ఆ జవాబులను చట్టం చెప్పిన నిర్వచనం పక్కన పెట్టి మాట మాటా సరిచూడు.

ఈ పని చేయక కొత్తలో నేనే దెబ్బ తిన్నాను. ఒక చెనిక్కాయల రైతు ప్రోనోటు తెచ్చినాడు. "మా పాప పెండ్లి అయినాక ఇస్తాను" అని బాకీదారు సంతకం. ప్రోనోటు దావా అని వేసేసినాను. ఎదుటి వకీలు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 4వ సెక్షన్ చదివినాడు. షరతు లేని మాట కావాలి, ఇంత అని తేలిన మొత్తం కావాలి, అదీ డబ్బు మాత్రమే కావాలి. ఆ సెక్షన్ కిందనే ఉదాహరణలున్నాయి. ఫలానా ఆమెతో నా పెండ్లయిన ఏడు రోజులకు ఐదు వందలిస్తానంటే ప్రోనోటు కాదు, ఐదు వందలతో పాటు నా నల్ల గుర్రాన్ని ఇస్తానన్నా కాదు. పెండ్లి జరగవచ్చు, జరగకపోవచ్చు గదా. ప్లెయింట్, అంటే దావా పత్రం, సవరించుకొని, అసలు అప్పును సాక్షులతో రుజువు చేయడానికి ఏండ్లు పట్టింది. ఆ ఏండ్లన్నీ రైతువే పోయినాయి. సెక్షన్ చదివి వదిలేయవద్దమ్మా, కింద ఉన్న ఉదాహరణలు రెండుసార్లు చదువు.

నిర్వచనం ఒక్కోచోట ఎంత సన్నగా కోస్తుందో మన చీనీ తోటలోనే చూపిస్తా. భూమిలో వేరూని కాపు కాస్తున్న చీనీ చెట్టు స్థిరాస్తి. ఆ చెట్టు మీది కాయ మాత్రం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం చరాస్తి. చెట్టు మీది పండు, చెట్టులోని రసం అని పేరుపెట్టి మరీ రాసినారు. నిలబడి ఉన్న కలప మళ్లీ చరాస్తే. మరి చెట్టెప్పుడు కలప అవుతుంది? 1958లో శాంతాబాయి కేసులో సుప్రీంకోర్టు ముందుకు ఇదే వచ్చింది. తొందరలో కొట్టేయడానికి ఒప్పుకున్నదైతే కలప, ఏండ్ల తరబడి మట్టి సారం తాగుతూ పెరిగేదైతే చెట్టేనని జస్టిస్ వివియన్ బోస్ వివరించినారు. దొంగతనం దగ్గర ఇంకో తీరు. నేలకు అంటుకున్నంతసేపు చెట్టును దొంగిలించడమన్నది లేదు, ఎత్తుకుపోవాలనే దురుద్దేశంతో నరికి వేరు చేసిన క్షణంలో దొంగతనం అవుతుంది.

ఒక చట్టంలో చదివిన అర్థాన్ని ఇంకో చట్టంలోకి మోసుకుపోవద్దు. సద్భావం, ఇంగ్లీషులో గుడ్ ఫెయిత్, అన్న మాట ఉంది. 1897 జనరల్ క్లాజెస్ చట్టానికి నిజాయితీ ఉంటే చాలు, అజాగ్రత్త ఉన్నా సద్భావమే. పాత శిక్షాస్మృతి ఐపీసీకి, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితకు అది చాలదు, తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకపోతే సద్భావం కాదంటాయి. నిర్వచనంలో "అంటే" అని ఉందా, "కూడా చేరుతుంది" అని ఉందా చూడు. మొదటిది గీత గీసి ఆపుతుంది, రెండోది వాడుకలోని అర్థాన్ని ఉంచి దానికి ఇంకా కలుపుతుంది.

కడపలో ఉన్నావు కాబట్టి ఇంకొకటి. ఉర్దూ మాట్లాడేవాళ్లకు ముద్దయీ అంటే దావా వేసినవాడు. మన కోర్టు తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఒక పెద్దాయన "నేనే ముద్దయీని" అంటే ఆయన ఫిర్యాదుదారని అర్థం చేసుకోవడానికి నాకు పావుగంట పట్టింది.

ఇక నీ దగ్గరికి వచ్చినామె సంగతి. ఇల్లు ఇంకా పాతాయన పేరు మీదే ఉందో లేదో ముందు ఈసీ తీయించు, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం. అమ్మి ఉండకపోతే ఇప్పుడైనా రిజిస్టరు దస్తావేజు రాయించుకునే దారి ఉంది. డబ్బు చేతికిచ్చిందా, బ్యాంకులో వేసిందా కనుక్కో, ఆ రసీదు భద్రం. కాగితం అసలు ఆమె దగ్గరే ఉంచి నకలు నువ్వు తీసుకో. రేపు రాత్రి అన్నం తిన్నాక ఫోన్ చేసి, తేదీ దగ్గర నుంచి సాక్షుల సంతకాల దాకా ఒక్క మాట వదలకుండా నాకు చదివి వినిపించు.

ఇట్లు
మీ పెదనాయన