దొంగ అనకండి, వాడితో కూర్చుని ఆ కార్టూన్ చూడండి

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఏడాదిగా బేబ్లేడ్ అనే బొంగరాల కార్టూన్ పిచ్చి పట్టుకుంది. ఆ బొంగరాలు కొనమని ఒకటే పేచీ. ఇప్పటికే పదకొండు ఉన్నాయి. పోయినవారం మా మావయ్యగారి చొక్కా జేబులోంచి ఐదొందలు తీసి, స్కూల్లో ఇంకో పిల్లాడికిచ్చి పన్నెండోది తెచ్చుకున్నాడు. మావారు బాగా కొట్టారు. బొంగరాలన్నీ అటక మీద పడేసి, టీవీ తీయించేశారు. మావయ్యగారు "దొంగబుద్ధి" అంటున్నారు. అత్తయ్యగారు నా పెంపకం అంటున్నారు. వాడు నాలుగు రోజులుగా తాతయ్య గదిలోకి వెళ్లడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఐదొందల సంగతి కాదు. తాతయ్య గదిలోకి వెళ్లడం మానేశాడన్నారే, అది. ముందు దాన్ని సరిచేయాలి.

జేబులో డబ్బు తీయడం తప్పని మీవాడికి తెలుసు. తెలుసు కాబట్టే ముఖం చాటేస్తున్నాడు. ఆ సిగ్గు మంచిదే. కానీ "దొంగ" అనే మాట రోజూ చెవిన పడితే సిగ్గు పోతుంది, "నేనింతే" అనే మొండితనం మిగులుతుంది. ఆ మాట ఇవాళ్టితో ఆగాలి. మావయ్యగారికి చెప్పడానికి మీకు మొహమాటమైతే మీవారితో చెప్పించండి. అలాగని తప్పుని వదిలేయొద్దు. ఆ పన్నెండో బొంగరం తిరిగి ఇచ్చేయాలి, డబ్బు తెచ్చి తాతయ్య చేతిలో వాడే పెట్టాలి. మీరు పక్కన నిలబడండి చాలు, వాడి బదులు మీరు మాట్లాడకండి.

ఇక కార్టూన్ సంగతి. దీని గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలి. బేబ్లేడ్ బొమ్మ జపాన్‌లో 1999లో వచ్చింది. టీవీలో కార్టూన్ 2001లో మొదలైంది. బొమ్మ ముందు, కార్టూన్ తర్వాత. 2008లో లోహపు ముక్కలతో కొత్త రకం, 2015లో దెబ్బ తగిలితే విడిపోయే బర్స్ట్ రకం, 2023లో ఎక్స్ రకం వచ్చాయి. రకం మారిన ప్రతిసారీ కొత్త కార్టూన్, కొత్త హీరో. నిన్నటిదాకా ప్రాణంగా చూసుకున్న బొంగరం పిల్లాడి కళ్లకి ఒక్కసారిగా పాతదైపోతుంది. పదకొండు ఉన్నా పన్నెండోది కావాలనిపించడం వాడి అత్యాశ అనుకోకండి, అలా అనిపించేలా అల్లిన కథ అది.

తొలి సిరీస్‌లో హీరో బొంగరం వదిలితే అందులోంచి డ్రాగన్ లేస్తుంది. గెలుపూ, స్నేహమూ, పరువూ అన్నీ ఆ బొంగరం చుట్టూనే. మీ హాల్లో గచ్చు మీద వదిలితే కాసేపు గిర్రున తిరిగి, ఓ పక్కకి ఒరిగి, సోఫా కిందికి దొర్లిపోతుంది. డ్రాగన్ రాదు. అప్పుడు పిల్లాడు కథ అబద్ధం అనుకోడు, నా బొంగరం మంచిది కాదు అనుకుంటాడు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఈ దిగులు చాలాసార్లు చూశాను.

ఈ గొడవ మీ ఒక్క ఇంట్లోదే కాదు. అమెరికాలో 1969లోనే హాట్ వీల్స్ బొమ్మకార్ల పేరుతో వచ్చిన కార్టూన్‌ని అరగంట ప్రకటన అంటూ పోటీ కంపెనీ ఫిర్యాదు చేసింది. అక్కడ 1984లో ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ పిల్లల టీవీలో ప్రకటనల మీద పరిమితి ఎత్తేసింది, 1990లో చట్టం చేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది. దానికోసం ఏళ్లతరబడి పోరాడిన పెగ్గీ చారెన్ 1968లో తన ఇంట్లో కొందరు తల్లుల్ని కూడగట్టి మొదలుపెట్టిన మనిషి. అంత పోరాడిన ఆవిడ కూడా కార్యక్రమాలని నిషేధించమని అడగలేదు. మీవారికి ఈ మాట చెప్పండి.

ఆయన కోపం నాకు అర్థమవుతుంది. కానీ టీవీ తీసేస్తే వాడు పక్కింట్లో చూస్తాడు, మీకు తెలియకుండా చూస్తాడు. దెబ్బల వల్ల వాడు నేర్చుకునేది దొరక్కుండా తీయడం ఒక్కటే. ఇది బాబు పడుకున్నాక, ఇద్దరే ఉన్నప్పుడు, నెమ్మదిగా మాట్లాడుకోండి.

ఎనిమిదేళ్లు దాటకముందు పిల్లలకి ప్రకటన తమతో కొనిపించడానికే అని సరిగా తెలియదని అమెరికా మానసిక శాస్త్రవేత్తల సంఘం 2004లో చెప్పింది. మీవాడు సరిగ్గా ఆ గడప మీద ఉన్నాడు. కాబట్టి టీవీ మళ్లీ పెట్టించండి, రోజుకి ఒక్క ఎపిసోడ్. మీరూ పక్కన కూర్చోండి. వెక్కిరించొద్దు. "ఈ ఎపిసోడ్‌లో కొత్త బొంగరాలు ఎన్ని వచ్చాయి నాన్నా?" అని అడగండి, వేళ్ల మీద లెక్కపెట్టనివ్వండి. "మనదాంట్లోంచి డ్రాగన్ వచ్చిందా?" అనీ అడగండి. మిగతాది వాడే ఆలోచిస్తాడు. అటక మీదవి కిందికి దించండి. కొత్తది పుట్టినరోజుకి ఒకటి, అంతే. ఆ మాట మీద అమ్మా నాన్నా ఇద్దరూ నిలబడాలి. ఒకరు కాదంటే ఇంకొకరు కొనివ్వకూడదు. ఆడేటప్పుడు ముఖం దగ్గరికి పెట్టనివ్వకండి, ఎగిరి కంటికి తగిలితే ప్రమాదం.

ఇంకో మాట. బేబ్లేడ్‌కి మూలం జపాన్ పిల్లల పాత ఆట బేగోమా. చిన్న ఇనుప బొంగరానికి తాడు చుట్టి, బకెట్ మూతికి బిగించి కట్టిన గుడ్డ మీదకి విసిరేవాళ్లు. మన బొంగరానికీ తాడే కదా! మావయ్యగారు చిన్నప్పుడు ఆడే ఉంటారు. ఒక కర్ర బొంగరం కొని ఆయన చేతికివ్వండి. తాడు ఎక్కణ్నించి చుట్టాలో, మణికట్టు ఎలా తిప్పాలో, తిరిగేదాన్ని అరచేతిలోకి ఎలా ఎత్తాలో చూపించమనండి. డబ్బు తిరిగిచ్చిన రోజు సాయంత్రమే చేస్తే ఇంకా మంచిది. వాడు మళ్లీ ఆ గదిలోకి వెళ్లడానికి ఓ కారణం దొరుకుతుంది.

రెండు నెలల తర్వాత కూడా డబ్బు తీస్తున్నా, సరిగా నిద్రపోకపోయినా పిల్లల సైకాలజిస్టుకి చూపించండి. ముందు మాత్రం ఆ బొంగరం అమ్మిన పిల్లాడి అమ్మకి ఫోన్ చేయండి. తప్పు పట్టినట్టు కాకుండా, జరిగింది చెప్పండి. తన కొడుకు చేతిలో ఐదొందలు ఉన్నాయని ఆవిడకీ తెలిసి ఉండకపోవచ్చు.