డాబా మీద హాట్ టబ్: కొనేది అబ్బాయి, బిల్లు కట్టేది నాన్న

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాళ్ల పెరట్లో ఏడుగురు కూర్చునే హాట్ టబ్ (వేడి నీళ్ల తొట్టి) ఉంది. సంక్రాంతికి తాను వచ్చేసరికి మా డాబా మీద కూడా అలాంటిది పెట్టించమని ఒకటే పట్టు. హైదరాబాద్ డీలరు ₹8.4 లక్షలకు కొటేషన్ ఇచ్చాడు. ఆ డబ్బు అబ్బాయే పంపుతాడు. తర్వాతి కరెంటు బిల్లు, మెకానిక్ ఖర్చు అన్నీ మావారి పెన్షన్‌లోంచే పోవాలి. నెలకు ఎంతవుతుందో దాచకుండా చెప్పండి.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నెల ఖర్చు చెబుతానమ్మా. కానీ అంతకంటే ముందు డాబా సంగతి తేలాలి. విజయవాడలో హోటళ్లకూ అపార్ట్‌మెంట్లకూ పంపులు, ఈత కొలనుల ఫిల్టర్లు బిగిస్తూ బతికినవాణ్ణి. నీళ్లు ఎంత బరువుంటాయో నాకు బాగా తెలుసు.

ఏడుగురు పట్టే టబ్‌లో సుమారు 1,500 లీటర్ల నీళ్లు పడతాయి. బ్రోచర్‌లో 400 గ్యాలన్లని రాసి ఉంటే అది ఇదే. అంటే నీళ్లే 1,500 కిలోలు. ఖాళీ టబ్ దగ్గర దగ్గర 380 కిలోలు. మీ అబ్బాయి, కోడలు, పిల్లలు, వియ్యాలవారు కలిసి దిగితే ఇంకో 450. మొత్తం 2,300 కిలోలు దాటింది. ఇదంతా ఏడడుగుల చదరంలో కూర్చుంటుంది, చదరపు మీటరుకు 510 కిలోల చొప్పున. మనుషులు తిరిగే డాబాకు ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. మూడు రెట్లు దాటిపోయాం. మీ ఇల్లు కట్టినప్పుడు ఇంజినీరు ఈ టబ్‌ను ఊహించి ఉండడు కదా. స్తంభాలు, దూలాలు ఎక్కడున్నాయో, వాటిలో ఇనుము ఎంతుందో స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సంతకం పెడితే తప్ప పైకి ఎక్కించవద్దు. డీలరు "ఏం కాదండీ, హైదరాబాద్‌లో బోలెడు పెట్టాం" అంటాడు. ఆ మాటే కాగితం మీద రాసి స్టాంపు వేసిమ్మనండి.

పైగా అది మెట్ల మీంచి రాదు. క్రేన్ కావాలి. క్రేన్ చెయ్యి చాపాలంటే వీధిలో కరెంటు తీగలు అడ్డం. బ్రాడీపేట లైన్లలో ఆ తీగల సంగతి మీకు నేను చెప్పాలా! క్రేన్ అద్దె, ఆ రోజు లైన్ ఆపించుకునే తిప్పలు కొటేషన్‌లో ఉండవు. పెరట్లో జాగా ఉంటే అక్కడే ఆరంగుళాల మందాన కాంక్రీట్ దిమ్మె పోయించండి. ఈ బెడద సగం తీరుతుంది.

ఇక కరెంటు. 1,500 లీటర్లను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి ఒకటి ముప్పావు యూనిట్ పడుతుంది. జనవరిలో ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలుంటే, 38కి తేవడానికి 24 యూనిట్లు. మూడు కిలోవాట్ల హీటరైతే ఎనిమిది గంటలు. నీళ్లు మార్చినప్పుడల్లా ఈ ఖర్చు ఉంటుంది కానీ భయపడాల్సింది దీనికి కాదు. మూత పెట్టి ఉంచినా టబ్ రాత్రంతా చల్లారుతూ ఉంటుంది, హీటర్ మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంది. ఫిల్టర్ పంపు రోజూ కొన్ని గంటలు తిరగాలి. నీళ్లను చిమ్మే జెట్ మోటార్లు రెండూ కలిపి అరగంట వేసినా రెండు యూనిట్లు. రోజూ వాడే ఇంట్లో చలికాలంలో నెలకు 200 యూనిట్లు వేసుకోండి.

ఆ 200 యూనిట్లు ఏ స్లాబులో పడతాయన్నది అసలు విషయం. మీ ఇంట్లో చలికాలం 180 యూనిట్లు వాడుతున్నారనుకుందాం. టబ్ వచ్చాక 380. నేనిది రాసేనాటి రేట్ల ప్రకారం 225 వరకు యూనిట్ ₹6, ఆపైన 400 వరకు ₹8.75. అంటే టబ్ వాటా ₹1,626. సర్దుబాటు చార్జీలు, సుంకం దీనికి అదనం. 400 దాటితే ఆపైన ప్రతి యూనిట్‌కూ ₹9.75 పడుతుంది. పండక్కి చుట్టాలొచ్చి గీజర్లన్నీ తిరిగే నెలలో దాటకుండా ఉండదు. హీటర్, రెండు మోటార్లు కలిస్తే ఏడెనిమిది కిలోవాట్లు కాబట్టి లోడ్ పెంచుకోవాలి, మీది సింగిల్ ఫేజ్ అయితే త్రీ ఫేజ్‌కు మారాల్సి రావచ్చు. మెయిన్ బోర్డు నుంచి విడిగా వైరు లాగి, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), కొత్త ఎర్తింగ్ పెట్టించాలి. నీళ్లలో మనుషులుంటారు. ఇక్కడ రెండు వేలు మిగిల్చుకుందామని చూడొద్దు.

మీ ఊళ్లో ఇంకో చిక్కుంది. బోరు నీళ్లు. ఆ నీళ్లకు మీ గీజర్ ఎలిమెంట్ ఎన్నేళ్లు నిలిచిందో గుర్తు చేసుకోండి. టబ్ హీటర్‌కూ అదే గతి, దాని ఖరీదు మాత్రం గీజర్ ఎలిమెంట్‌కు ఎన్నో రెట్లు. మున్సిపాలిటీ కృష్ణా నీళ్లే పట్టండి, కుళాయి వచ్చే వేళల్లో రెండు మూడు రోజులు పట్టినా సరే. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2కూ 7.8కూ మధ్య, క్లోరిన్ 3 పీపీఎంకు తగ్గకుండా చూసుకోవాలి. వారానికి రెండుసార్లయినా కిట్‌తో పరీక్షించాలి. వేడి నీళ్లలో క్లోరిన్ త్వరగా ఎగిరిపోతుంది, క్రిములకేమో ఆ వేడి హాయి. ఒంటి మీద దద్దుర్ల నుంచి లెజియొనెల్లా అనే క్రిమి తెచ్చే న్యుమోనియా దాకా వచ్చేది అలాంటి నీళ్లతోనే. మీ అబ్బాయి ఫిబ్రవరిలో వెళ్లిపోయాక ఈ కిట్ పట్టుకునేది ఎవరో ఇప్పుడే తేల్చుకోండి. మీవారే అయితే ఆయన్నొక మాట అడిగి చూడండి.

భోగినాడు నువ్వుల నూనె, నలుగు పెట్టుకుని మాత్రం ఎవర్నీ అందులో దిగనివ్వకండి. నూనె ఫిల్టర్‌ను మూసేస్తుంది, సున్నిపిండికి నురగ పొంగి మూత దాకా వస్తుంది. పసుపు అంటిన టబ్ అక్రిలిక్ ప్లాస్టిక్‌ను తోమలేక చస్తారు. తలంటు బాత్‌రూమ్‌లో అయ్యాక, సబ్బుతో ఒళ్లు కడుక్కున్నాకే టబ్‌లోకి.

ఏడాది లెక్క నా అంచనాలో ఇలా ఉంటుంది. కరెంటు పన్నెండు నుంచి పదిహేను వేలు. వేసవిలో హీటర్ పని ఉండదు, ఫిల్టర్ పంపు మాత్రం తిరగాల్సిందే. క్లోరిన్, పీహెచ్ మందులు పది వేలు. రెండు ఫిల్టర్లు మరో పది. పైమూత నాలుగైదేళ్లకు నీళ్లు పీల్చి బరువెక్కి పనికిరాకుండా పోతుంది, దానికోసం ఏటా పది వేలు పక్కన పెట్టండి. మెకానిక్ రాకపోకలకు ఏడెనిమిది వేలు. మొత్తం యాభై వేల చుట్టూ, నెలకు నాలుగు వేల పైచిలుకు. సర్క్యూట్ బోర్డు పోతే ఈ లెక్క తలకిందులే. విడిభాగాలు ఎక్కడ నిల్వ ఉన్నాయో, ఎన్ని రోజుల్లో గుంటూరు చేరతాయో కొనకముందే రాయించుకోండి.

"ఇక్కడే కొని కంటైనర్‌లో పంపుతా" అని అబ్బాయి అంటే ఒప్పుకోవద్దు. అమెరికా కరెంటు 60 హెర్ట్‌జ్, మనది 50. ఆ మోటారు ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కుతుంది, త్వరగా కాలుతుంది.

ఈ జెట్ టబ్ కనిపెట్టిన జకూజీ కుటుంబం అంతకుముందు బావుల్లోంచి నీళ్లు తోడే పంపులు చేసేది. ఇంట్లో పిల్లాడికి కీళ్ల జబ్బు వస్తే, వాడి కోసం నీటిని చిమ్మే పంపు తయారుచేసి 1956లో అమ్మకానికి పెట్టారు. మీకో మీవారికో మోకాళ్ల నొప్పులుండి, డాక్టరు వేడి నీళ్లు మంచివన్నారంటే ఇద్దరు పట్టే చిన్న టబ్ పెరట్లో పెట్టుకోండి, రోజూ పనికొస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉంటే డాక్టరును అడక్కుండా దిగొద్దు, 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. ఏడాదికి ఇరవై రోజుల సరదా కోసం ఏడుగురి టబ్ అయితే నా ఓటు పడదు. అబ్బాయికి అంత మనసుంటే ఆ డబ్బులో కొంత పెట్టి డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించమనండి. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద ₹78,000 సబ్సిడీ ఉంది. ఆ పలకల బరువు మీ స్లాబుకు లెక్కే కాదు.

ప్రశ్న: గాలి నింపే హాట్ టబ్‌లు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. మా ఫ్లాట్ బాల్కనీలో పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: బాల్కనీలో వద్దు. నలుగురు పట్టే దానిలో కూడా 800 లీటర్ల దాకా నీళ్లుంటాయి, అవి నిలబడేది గోడ బయటికి పొడుచుకొచ్చిన స్లాబు మీద. కింద పార్కింగ్‌లో జాగా ఇస్తారా అని అసోసియేషన్‌ను అడగండి. ఇస్తారని నాకు నమ్మకం లేదు. వాటిలో చాలావాటికి బుడగలు వచ్చేది గాలి ఊదడం వల్ల, నీటి జెట్‌ల వల్ల కాదు. ఆ గాలికి నీళ్లు ఇంకా త్వరగా చల్లారతాయి.

ప్రశ్న: మాది అజిత్‌సింగ్‌నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నడుము లోతు వచ్చాయి. పెరట్లో టబ్ పెట్టించాలని మా ఇద్దరికీ ఉంది. ఇద్దరం అరవై దాటినవాళ్లం. మోటార్లు పైన ఎక్కడైనా బిగించే వీలుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వీలు లేదండీ. పంపు నీటి మట్టానికి కిందే ఉండాలి. పైన పెడితే గాలి పట్టేసి నీళ్లు లాగదు. అందుకే మోటార్లు, హీటర్, బోర్డు అన్నీ టబ్ అడుగున, మోకాలి ఎత్తులోపే ఉంటాయి. అడుగు నీళ్లొస్తే చాలు, అన్నీ పోతాయి. టబ్‌నే ఎత్తున పెట్టాలంటే వరద చార మీద ఇంకో అర అడుగు కలిపి దిమ్మె కట్టాలి. నడుము లోతన్నారు కాబట్టి అది మూడున్నర అడుగులు, టబ్ అంచు మరో మూడడుగులు. ఈ వయసులో తడి కాళ్లతో ఆరున్నర అడుగుల పైనుంచి మెట్లు దిగాలి. నేనైతే వద్దంటాను.