బ్యాట్‌మ్యాన్ ముసుగు ఎందుకు లాగరు?

దయ్యాల గుట్టు విప్పే కుక్క, దాని స్నేహితుల కథలైన స్కూబీ డూ కామిక్స్‌లోకి బ్యాట్‌మ్యాన్‌ను తీసుకురావడం అమ్మకాల కోసమేనా, చదివితే నిజంగా నవ్వు వస్తుందా, మా ఎనిమిదేళ్ల బాబుకు కొనవచ్చా అని అడిగారు. అమ్మకాల కోసమే. అయినా కొనండి.

మా ఇంట్లో ఈ పిచ్చి ఆబిడ్స్‌లో ఆదివారంనాడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలతో మొదలైంది. అక్కడ 'స్కూబీ డూ టీమ్ అప్' మొదటి సంచిక దొరికింది. అందులో అతిథులు బ్యాట్‌మ్యాన్, రాబిన్. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. నేను తెలుగులో చెబుతుంటే తను బొమ్మలు చూస్తూ వింటోంది. నాలుగైదు పేజీలు తిప్పాక నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, వీళ్లు ముసుగు కనిపిస్తే చాలు లాగేస్తారు కదా, బ్యాట్‌మ్యాన్ ముసుగు ఎందుకు లాగరు?"

చిన్నప్పటి నుంచి బ్యాట్‌మ్యాన్ చదువుతున్నవాణ్ని, నాకు ఎప్పుడూ తట్టని సందేహం!

ఈ కథల్లోని హాస్యమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. 1969లో టీవీలో మొదలైన స్కూబీ డూలో దయ్యం అంటే ముసుగేసుకున్న ఏ దొంగో, ఎవరి ఆస్తి మీదో కన్నేసిన పెద్దమనిషో. సూపర్‌హీరోల లోకంలో అలా కాదు, దయ్యం దయ్యమే. అందుకే డెడ్‌మ్యాన్ లాంటి అసలు సిసలు దయ్యం అతిథిగా వచ్చిన సంచికలో స్కూబీ నేస్తం, పిరికివాడు షాగీ వణుకుతుంటే, పాపం ఇన్నాళ్లకు ఇతని భయానికి ఒక న్యాయం దొరికింది అనిపిస్తుంది. షాలీ ఫిష్ రాసిన ఈ సిరీస్ 2013 నుంచి 2019 వరకు 50 సంచికలు నడిచింది. రెండు లోకాల పద్ధతులూ తెలిసిన మనిషి రాశాడని చదువుతుంటే తెలిసిపోతుంది. స్కూబీ, బ్యాట్‌మ్యాన్ ఇద్దరూ వార్నర్ సంస్థ ఇంటివాళ్లే కాబట్టి పిలుపులకు ఇబ్బంది లేదు.

నా లెక్క ఒకటే: అతిథి నవ్వకూడదు. పెళ్లింట్లో బిగుసుకుని కూర్చున్న వియ్యంకుడి పంచె మీద పిల్లలు మజ్జిగ ఒలకబోస్తే ఎందుకు నవ్వొస్తుంది? ఆయన బిగుసుకుని కూర్చున్నాడు కాబట్టి. ఆయన కూడా జోకులు వేసే మనిషైతే అది వట్టి మరక. హీరో కూడా కోతి వేషాలు మొదలుపెట్టిన సంచికలు నేను సగంలోనే మూసేశాను.

ఈ వరస కొత్తదేమీ కాదు. 1972లోనే స్కూబీ టీవీ కార్టూన్‌లోకి బ్యాట్‌మ్యాన్, రాబిన్ రెండుసార్లు వచ్చారు. అప్పుడు షాగీకీ రాబిన్‌కీ గొంతు ఇచ్చింది ఒక్కరే, కేసీ కేసమ్. ఇక మార్వెల్ 1993లో 'రెన్ అండ్ స్టింపీ' అనే కార్టూన్ కామిక్ ఆరో సంచికలోకి స్పైడర్‌మ్యాన్‌ను దింపి, అందులోని వెటకారపు సూపర్‌హీరో పౌడర్డ్ టోస్ట్ మ్యాన్‌తో తలపడేలా చేసింది. ఈ టోస్ట్ మ్యాన్ తల రెండు రొట్టె ముక్కలు, ఎగిరేది వెనక్కి! ఆ కథ రాసిన డాన్ స్లాట్ తరువాత ఏళ్ల తరబడి అసలు స్పైడర్‌మ్యాన్ పత్రికే రాశాడు. రొట్టె ముక్కల దగ్గర పాసైనవాడికి మిగతాది ఓ లెక్కా?

ఒక్క జాగ్రత్త. 2017లో వచ్చిన బ్యాట్‌మ్యాన్, ఎల్మర్ ఫడ్ (బగ్స్ బన్నీ కార్టూన్‌లలోని వేటగాడు) సంచికను కార్టూన్ కదా అని బాబు చేతికి ఇవ్వకండి. అది పగ, తుపాకి, చీకటి బారు ఉన్న పెద్దల కథ. 'ర' పలకలేని ఎల్మర్ నత్తి అందులోనూ అలాగే ఉంటుంది, కానీ అక్కడ నవ్వు రాదు, గుండె బరువెక్కుతుంది. దాన్ని మీరు చదువుకోండి.

అన్నట్టు, మాకు దొరికిన ఆ పాత ప్రతిలో చివరి ఆకు లేదు. దొంగ ఎవరో తేలే చోటే పోయింది. తరువాత డిజిటల్‌లో కొని చూపించాను కానీ మా అమ్మాయికి నచ్చలేదు. అప్పటికే ఆ పేజీ తనే వేసేసుకుంది: స్కూబీ జట్టులోని వెల్మా బ్యాట్‌మ్యాన్ ముసుగు లాగుతుంది, లోపల మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు! ఆ బొమ్మ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది. మెయింటెనెన్స్ కోసం ఆయన వచ్చినప్పుడు మాత్రం తీసి దాచేస్తాం.