ర్యాండీ జాన్సన్ పొడుగ్గా ఉండబట్టే అంత గొప్ప బేస్‌బాల్ పిచ్చర్ (బంతి వేసేవాడు) అయ్యాడా?

కాదండీ, అంత పొడుగుండి కూడా అయ్యాడు, ఆయన గొప్పతనమే అది. నాదీ ఎడమ చెయ్యే, ఆరడుగుల మూడంగుళాలుంటా, కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఫాస్ట్ బౌలింగ్ వేసేవాణ్ణి. నీకేంట్రా ఆ హైటుకి అనేవాళ్ళు అందరూ, ఓవర్‌కి రెండు మూడు వైడ్లు పడేవి. కాళ్ళూ చేతులూ అంత పొడుగుంటే అన్నీ ఒకే టైంకి కుదరడం ఎంత కష్టమో వేసినోడికే తెలుస్తుంది.

జాన్సన్‌దీ అదే బాధ. 6 అడుగుల 10 అంగుళాల మనిషి, సియాటిల్ టీమ్‌లో ఉండగా 1990, 91, 92 వరసగా మూడేళ్ళు అమెరికన్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ వాక్‌లు (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇచ్చెయ్యడం) ఇచ్చాడు. నోలన్ ర్యాన్ అనే ఇంకో గొప్ప పిచ్చర్ అవతలి టీమ్ వాడై ఉండి కూడా పిలిచి చెప్పాడు, నీ ముందుకాలు మడమ మీద పడుతోంది, అందుకే ఒళ్ళు పక్కకి తిరిగిపోతోంది అని. అది సరిచేసుకున్నాక 1993లో 308 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చెయ్యడం)!

2001లో నేను అరిజోనాలోని టెంపేలో ఎమ్మెస్. నవంబర్ 4 ఆదివారం రాత్రి, వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్స్) ఏడో గేమ్, అదే ఆఖరిది, ఐదుగురం చిన్న టీవీ ముందు పప్పన్నం కంచాలతో కూర్చున్నాం. జాన్సన్ అప్పటికి మా అరిజోనా టీమ్ డైమండ్‌బ్యాక్స్‌లో ఉన్నాడు, ముందురోజే ఏడు ఇన్నింగ్స్ వేసి ఆరో గేమ్ గెలిపించాడు, 38 ఏళ్ళ మనిషి, ఇంక ఆ చెయ్యి లేస్తుందని ఎవరనుకుంటారు? మొత్తం తొమ్మిదిలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ యాంకీస్ 2-1తో ముందున్నారు, బుల్‌పెన్‌లోంచి (పిచ్చర్లు వార్మప్ చేసే చోటు) ఈయనే నడిచొస్తున్నాడు, మా రూమ్మేట్ కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నలుగురు బ్యాటర్లొచ్చారు, ఒక్కడు కూడా బేస్ ఎక్కలేదు. తర్వాత మన డైమండ్‌బ్యాక్స్ యాంకీస్ పిచ్చర్ రివేరా మీద రెండు రన్లు కొట్టి 3-2తో గెలిచారు, గెలుపు జాన్సన్ ఖాతాలో పడింది, ఆ సిరీస్‌లో ఆయనకి మూడోది.

ఇంత చేస్తే యూట్యూబ్‌లో మాత్రం ఎప్పుడు చూడు ఆయన వేసిన బంతి ఎగిరే పావురానికి తగిలిన వీడియోనే, నాకు ఒళ్ళు మండిపోద్ది. 4875 స్ట్రైకౌట్లండీ, ఎడమచేతి పిచ్చర్లలో ఇంకెవరికీ అన్ని లేవు, నలభై ఏళ్ళ వయసులో అట్లాంటా మీద పర్ఫెక్ట్ గేమ్ (అవతలివాళ్ళలో ఒక్కణ్ణి కూడా బేస్ ఎక్కనివ్వకుండా మొత్తం గేమ్) వేశాడు, అవెవరికీ అక్కర్లేదు.

మావాడికిప్పుడు పన్నెండేళ్ళు, వాడూ ఎడమ చెయ్యే. కోచ్ వాడి హైటు చూసి తెగ మురిసిపోతున్నాడు, నేను మాత్రం ప్రతి బంతికీ వాడి ముందుకాలు ఎలా పడుతోందో చూస్తున్నా.