స్వామీ, వాడు దొరక్కుండా చూడు

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు నలభై ఎనిమిదేళ్లు. చిత్తూరులో హైస్కూలు లెక్కల టీచర్ని. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పోయిన పండక్కి వచ్చినప్పుడు తన నెట్‌ఫ్లిక్స్ నా ఫోన్లో పెట్టిపోయాడు. ఈయన పదింటికల్లా నిద్రపోతారు. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 'యూ' అనే ఇంగ్లీషు సీరియల్ చూస్తున్నాను. అందులో జో అని ఒకడు, న్యూయార్కులో పుస్తకాల షాపు మేనేజరు. షాపుకొచ్చిన ఒక పిల్ల మీద మనసు పడి, ఆమె ఫోన్ కాజేసి, ఇంట్లో దూరి, అడ్డొచ్చినవాళ్లని చంపుతూ పోతాడు. ఒకసారి జో ఆ పిల్ల బాత్రూంలో తెర వెనక నక్కి ఉంటే ఆమె లోపలికొచ్చేసింది. 'స్వామీ, జో దొరక్కుండా చూడు' అని మొక్కుకున్నాను. పైకే అన్నానేమో, ఈయన లేచి 'ఎవరే దొరికింది?' అన్నారు. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. దాని వెనక ఎవడైనా ఇట్లా తిరిగితే చెప్పు తీస్తాను. అట్లాంటిదాన్ని జో పక్షాన ఎందుకున్నాను? పొద్దున దీపం పెట్టేటప్పుడు సిగ్గేస్తోంది. మూడో సీజన్‌కి వచ్చేశాను. నాలో ఏదైనా తేడా ఉందా? మానెయ్యమంటారా?
— ఒక టీచర్, చిత్తూరు

జవాబు: టీచరమ్మా, ముందు నా సంగతి చెప్పేస్తాను, మీకు కాస్త తోడుగా ఉంటుంది. నేనూ చూశాను. ఐదు సీజన్లూ. అరవై రెండేళ్ల మనిషిని, మోకాళ్లకు నూనె రాసుకుంటూ చూశాను.

నన్ను వాడు పడగొట్టిన చోటు వేరు. నేను ముప్పై ఏళ్లు లైబ్రరీలో పనిచేసినదాన్ని. షాపు కింద నేలమాళిగలో, పాత పుస్తకాలు పాడవకుండా దాచే గాజు గదిలో వాడు చినిగిన పుస్తకాన్ని బాగుచేస్తుంటాడు చూడండి, అక్కడ పడిపోయాను. పక్కింట్లో తన్నులు తినే ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడికి చదువుకోమని పుస్తకాలిస్తాడు. పిల్లలకు పుస్తకమిచ్చే మనిషిని నేను అనుమానించలేను, అది నా ఉద్యోగం తెచ్చిన జబ్బు. అదే గాజు గదిలో మనుషుల్ని పెట్టి తాళం వేసేసరికి నాకు ఆలస్యమైపోయింది. అప్పటికే నేను వాడి మనిషిని.

ఇది మన బలహీనత కంటే వాళ్ల పనితనం. సీరియల్ పేరే చూడండి. 'యూ' అంటే 'నువ్వు'. 'నువ్వు ఇట్లా నవ్వావు, నువ్వు ఫలానా పుస్తకం తీశావు' అని వాడు ఆ అమ్మాయితో మనసులో మాట్లాడుతూనే ఉంటాడు. ఆమెకు అందులో ఒక్క ముక్క వినపడదు. వినేది రాత్రి పదకొండింటికి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న మీరు. ఒక గొంతు రోజూ ముప్పావుగంట మీ ఒక్కరి చెవిలోనే గుసగుసలాడితే, పైగా ఆ గొంతుకు కాస్త వెటకారం, కాస్త చదువు ఉంటే, అది చుట్టమైపోదూ? పైగా వాడు చంపేవాళ్లను కూడా ఏరి ఏరి పెట్టారు. మొదట పోయే బెంజీ గుర్తున్నాడా? గోలీసోడాని ఖరీదు సీసాలో పోసి గొప్పలు పోయే డబ్బున్నింటి పిల్లోడు. వాడు గాజు గదిలో ఏడుస్తుంటే నాకు జాలి రాలేదు, విసుగొచ్చింది. అది కూడా లెక్క ప్రకారం చేసిందే.

ఇక దేవుడికి మొక్కిన సంగతి. దీనికి మా మేనమామ గురించి చెప్పాలి.

మాది చిత్తూరు పక్క పల్లె. మీరూ చూసే ఉంటారు, ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడితే పద్దెనిమిది రోజులు ఊరికి వేరే పని ఉండదు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. మా మామ దుర్యోధనుడు కట్టేవాడు. చెక్క కిరీటం, భుజకీర్తులు, చెంపల మీద ఎర్ర రంగు. మామ తెర తోసుకుని వస్తే వేసినన్ని ఈలలు ధర్మరాజుకు ఏ రాత్రీ వేయలేదు. పాపం ధర్మరాజు వచ్చినప్పుడు జనం లేచి టీకి పోయేవాళ్లు. 1977లో ఎన్టీఆర్ ఒక్క సినిమాలోనే కృష్ణుడూ కర్ణుడూ దుర్యోధనుడూ మూడూ తానే వేశాడు కదా, మన వైపు పెళ్లిలో మైకు దొరికినవాడు అందుకునే డైలాగు ఆ ముగ్గురిలో ఎవరిదో మీకు నేను చెప్పాలా?

ఆఖరి రోజు దుర్యోధన వధ. మైదానంలో వెల్లకిలా పడుకున్న మట్టి దుర్యోధనుడు, ఈ చివర నిలబడితే ఆ చివర పాదాలు చిన్నగా కనపడేంత బొమ్మ. మామ గద పట్టుకుని దాని చుట్టూ పరుగు, వెనక భీముడు. నాకు పదేళ్లప్పుడు తాడు కింద దూరి బొమ్మ మోకాలి దాకా పోయాను. మిట్టమధ్యాహ్నం ఎండ. మామ గడ్డం మీద నుంచి ఎర్ర రంగు చెమటలో కలిసి చుక్కచుక్కగా మట్టి మీద పడుతోంది. బొమ్మ తొడలో ముందే పూడ్చిపెట్టిన కుంకుమనీళ్ల కుండ ఉంటుంది. భీముడు ఒక్కటేశాడు, కుండ పగిలింది. ద్రౌపది వేషగాడు ఆ ఎరుపు చేత్తో తీసి జుట్టుకు పూసుకుని, ముడి వేసుకున్నాడు. 'గోవిందా' అని ఊరంతా ఒక్కసారిగా అరిచింది. మా అమ్మ, సొంత తమ్ముడు కదా, 'సావనీ నా బట్టని' అంటూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రెండూ నిజమే.

అదీ తేడా, టీచరమ్మా. మన భారతానికి పద్దెనిమిదో రోజు ఉంది. దుర్యోధనుణ్ణి ఎంత ముద్దు చేసుకున్నా, వాడు పడతాడనీ, ద్రౌపది జుట్టు ముడి చూడకుండా ఎవరూ ఇంటికి పోరనీ ఊరందరికీ తెలుసు. ఈ సీరియల్ 2018లో మొదలైంది, 2025లో గానీ ముగియలేదు. ఏడేళ్లపాటు వాడు దొరక్కుండా ఉంటేనే ఇంకో సీజన్. తెర వెనక నక్కినవాడు ఆ రోజే దొరికిపోయి ఉంటే మీకు ఆ రాత్రితో సీరియల్ సరి. మీరు మొక్కుకున్నది వాడి కోసం కాదు, రేపటి రాత్రి కోసం. ఆ మొక్కుకి సిగ్గుపడక్కర్లేదు.

కానీ మీ ఉత్తరంలో ఒకచోట నేను ఆగిపోయాను. జో పేరు నాలుగుసార్లు రాశారు. ఆ అమ్మాయి 'ఒక పిల్ల', 'ఆ పిల్ల', 'ఆమె'. అంతే. ఆమె పేరు బెక్. గ్వినివీర్ బెక్. రచయిత్రి కావాలని తపనపడే మనిషి, మీ పాపకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. మీరు మర్చిపోయారని తప్పుపట్టడం లేదు, నేను ఇంకా ఘోరం చేశాను. మొదటి ఎపిసోడ్‌లో వాడు రోడ్డుకు అవతల నిలబడి ఆమె కిటికీలోకి చూస్తుంటాడు. 'కిటికీకి ఒక కర్టెన్ వేసుకోవచ్చు కదా ఈ పిల్ల' అని గట్టిగా విసుక్కున్నాను. ఆ మాట గదిలో నాకే వినపడింది. వాడు అక్కడ నిలబడటం నాకు తప్పనిపించలేదు, ఆమె కర్టెన్ వేసుకోకపోవడం తప్పనిపించింది! ఫోన్ పక్కన పెట్టి కాసేపు వంటింట్లోకి పోయి మంచినీళ్లు తాగాను.

మనమొక్కరమే కాదు లెండి. 2019లో ఒక అభిమాని ట్విట్టర్‌లో 'ఈ జోలో ఏముందో నా గుండె లాగేస్తున్నాడు' అన్నట్టు మురిసిపోతే, ఆ వేషం వేసిన పెన్ బాడ్జ్‌లీయే 'వాడు హంతకుడు' అని జవాబిచ్చాడు. 'నన్ను ఎత్తుకుపో' అన్న ఇంకొకరికి 'వద్దు, థాంక్స్' అని చెప్పుకోవాల్సి వచ్చింది.

నేనిప్పుడు ఉండేది తిరుపతిలో, తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచిపోయేంత దూరంలో. గంగజాతర కథ కూడా ఇదే కదా, ఆడపిల్లల వెంటపడే పాలెగాడు. వాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం మారుస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... ఊరంతా కట్టే ఆ వేషాలన్నీ ఆమెవే. వేషం కట్టినవాడు ఎదురొచ్చినవాణ్ణి బూతులు తిట్టినా ఎవరూ కోపగించుకోరు, ఆ జాతర రోజుల్లో అదో సరదా. కానీ పాలెగాడి మనసులో ఏముందో, చిన్నప్పుడు వాణ్ణి ఎవరు కొట్టారో జాతరలో ఎవరూ అడగరు. ఎన్ని వేషాలున్నా వాడికి మాత్రం నోరు లేదు. న్యూయార్కు వాళ్లు కథను అటు తిప్పి నోరంతా వాడికిచ్చారు. అందుకే మీకూ నాకూ రాత్రుళ్లు నిద్రలేదు.

మానెయ్యడమెందుకు? చూడండి. కాకపోతే పాప సెలవులకు వచ్చినప్పుడు మొదటి ఎపిసోడ్ దాంతో కలిసి ఇంకోసారి చూడండి, ఇయర్‌ఫోన్లు తీసేసి. అది ఇదివరకే చూసేసి ఉంటుందని నా అనుమానం. కిటికీ సీను దగ్గర అదేమంటుందో వినండి. పనిలో పనిగా దానికి ఒక మాట చెప్పండి: వద్దన్నా వెంట తిరగడం, ఫోన్లో ఏం చేస్తోందో నిఘా పెట్టడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. జో కథ మన చిత్తూరులో జరిగి, బెక్‌కి తెలిసి ఉంటే, మొదటి ఎపిసోడ్‌తోనే స్టేషన్‌కి పోయేది.

ఆఖరి సీజన్ సంగతి చెప్పను, మీరింకా మూడులోనే ఉన్నారు. ఆఖరి ఎపిసోడ్‌లో వాడి ఆఖరి మాట విన్నాక మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయండి.

ప్రశ్న: మా అవ్వ రోజూ రాత్రి తెలుగు సీరియల్లో విలన్ కోడల్ని నోటికొచ్చినట్టు తిడుతుంది. ఆ కోడలు కనపడని రోజు మాత్రం 'ఈ పొద్దు ఏం బాలేదప్పా' అని టీవీ ఆపేస్తుంది. ఇదేం చోద్యం?
— డిగ్రీ విద్యార్థి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: నాయనా, మీ అవ్వ నాకంటే, పై టీచరమ్మకంటే తెలివైంది. ఆమెకు చెవిలో గుసగుసలు పనిచేయవు, ఎందుకంటే నోరు ఆమెదే. తిట్టడానికే కూర్చుంటుంది, తిట్టి తృప్తిగా లేస్తుంది. ఆమెను ఆపొద్దు, రిమోట్ కూడా లాక్కోవద్దు.

పైన చెప్పిన మా మామ, వధ అయిపోయాక బావి గట్టు మీద కూర్చుని రంగు కడుక్కునేవాడు. చేద తోడేది మా అమ్మ. ముఖం సగం ఎరుపు, సగం మామూలు మనిషి. ఏ ఏడూ మామ ఈలల గురించి అడగలేదు. అమ్మ వైపు తలెత్తి ఒక్కటే అడిగేవాడు:

"బాగా తిట్నారా క్కా?"